మోడల్ వెర్బ్స్: ఎంత నమ్మకం, ఎంత ఒత్తిడి

(గుంటూరులో డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. ఇంగ్లిష్ వాక్యాలను కూడా తెలుగు లిపిలోనే ఇచ్చాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్ళకు వినిపిస్తోందా? సరే. ఇక్కడ ముందు బెంచీలు ఖాళీగా ఉన్నాయి, కావాలంటే వచ్చి కూర్చోవచ్చు.

చూడండి, నేను ‘కూర్చోవచ్చు’ అన్నాను. ‘కూర్చోవాలి’ అనలేదు. అందుకే ఇద్దరు ముగ్గురు లేచారు, మిగతావాళ్ళు ఉన్నచోటే ఉండిపోయారు. అదే నేను ‘అందరూ ముందుకొచ్చి కూర్చోవాలి’ అని ఉంటే? ఈపాటికి బ్యాగులు సర్దుకుంటూ ఉండేవాళ్ళు. ‘ముందు బెంచీల్లో కూర్చోకూడదు’ అని ఉంటే? లేచినవాళ్ళు కూడా ఆగిపోయేవాళ్ళు. పని ఒకటే, కూర్చోవడం. దాని చివర తగిలిన చిన్న ముక్క మారేసరికి మీరు చేసేది మారిపోయింది. ఈ తేడా మీకు ఎవరైనా కూర్చోబెట్టి నేర్పారా? లేదు కదా. అయినా ఒక్కరు కూడా పొరపాటు పడలేదు.

ఇంగ్లిష్‌లో ఇదే పని చేసేవాటిని మోడల్ వెర్బ్స్ అంటాం. మనకు క్రియ చివర తగులుతాయి, వాళ్ళకు క్రియకు ముందు నిలబడతాయి. అసలైనవి తొమ్మిదే: కెన్, కుడ్, మే, మైట్, షల్, షుడ్, విల్, వుడ్, మస్ట్. చుట్టుపక్కల ఆట్ టు, నీడ్, డేర్ లాంటివి కొన్ని ఉన్నాయి. తొమ్మిది మాటలు. మీకు రాని మాట వీటిలో ఒక్కటి కూడా లేదు. మరి తప్పులు ఎక్కడ జరుగుతున్నాయి?

మనం పట్టిక బట్టీ పట్టడం దగ్గర. ‘కెన్ అంటే గలను, మే అంటే వచ్చు, షుడ్ అంటే ఆలి, మస్ట్ అంటే తప్పక.’ స్కూల్లో రాసుకున్నారా ఈ పట్టిక? చేతులెత్తండి. దాదాపు అందరూ. ఇప్పుడు ఆ పట్టికను ఒకసారి పరీక్షకు పెడదాం.

‘వచ్చు’ తీసుకోండి. మూడు తెలుగు వాక్యాలు చెప్తాను. ‘మీ పని అయిపోయింది, ఇక వెళ్ళొచ్చు.’ ‘సాయంత్రం వాన పడొచ్చు.’ ‘గుంటూరు నుంచి విజయవాడకు గంటలో వెళ్ళొచ్చు.’ మూడింట్లోనూ ‘వచ్చు’ ఉంది. మరి ఇంగ్లిష్‌లో? మొదటిది అనుమతి. ‘యు మే గో నౌ’ అనండి, ‘యు కెన్ గో నౌ’ అనండి, రెండూ నడుస్తాయి. రెండోది ఊహ. ‘ఇట్ మే రెయిన్ దిస్ ఈవెనింగ్’ అనాలి, ‘మైట్’ కూడా సరే. కానీ ‘ఇట్ కెన్ రెయిన్ దిస్ ఈవెనింగ్’ అంటే తప్పు. మూడోది ఎప్పుడూ ఉండే వీలు. అక్కడ ‘యు కెన్ రీచ్ విజయవాడ ఇన్ ఎన్ అవర్’ అనాలి, ‘మే’ అతకదు. ఒక్క ‘వచ్చు’కే మూడు దారులు ఉన్నాయి. పట్టిక మొదటి అడుగులోనే ఆగిపోయింది, అవునా?

అందుకని పట్టిక పక్కన పెట్టండి. నోరు తెరిచే ముందు, మెయిల్ టైప్ చేసే ముందు మీరు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. నేను చెప్తున్నది ఇద్దరు మనుషుల మధ్య జరిగే వ్యవహారమా, అంటే అనుమతి, ఆజ్ఞ, సలహా, అభ్యర్థన లాంటిదా? లేక ఏం జరిగి ఉంటుందో, ఏం జరగబోతుందో నేను వేసే అంచనానా? ఇది మొదటిది. వ్యవహారమైతే ఒత్తిడి ఎంత, అంచనా అయితే నమ్మకం ఎంత? ఇది రెండోది. ఈ రెండు తేలితే మాట దానంతట అదే వస్తుంది. ఈ రోజు నేను చెప్పే ప్రతి విషయం ఈ రెండు ప్రశ్నల దగ్గరికే వస్తుంది.

దానికి ముందు వాక్యం ఎలా కట్టాలో త్వరగా ముగిద్దాం, ఇది మీకు తెలిసిందే. మోడల్ తర్వాత క్రియ మూలరూపంలోనే ఉంటుంది. ‘షి కెన్స్ సింగ్’ ఉండదు, ‘షి కెన్ సింగ్స్’ ఉండదు, ‘షి కెన్ సింగ్’ మాత్రమే. మధ్యలో ‘టు’ రాదు: ‘యు మస్ట్ టు గో’ తప్పు. ‘ఆట్’ ఒక్కదానికే ‘టు’ కావాలి. ప్రశ్నకు, ‘నాట్’కు ‘డు, డిడ్’ సాయం అక్కర్లేదు. రెండు మోడల్స్ పక్కపక్కన పెట్టకూడదు. ‘ఐ విల్ కెన్ కమ్’ కుదరదు, ‘ఐ విల్ బి ఏబుల్ టు కమ్’ అనాలి. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో కొందరు ‘ఐ మైట్ కుడ్’ అంటారు, అది వాళ్ళ ప్రాంతపు మాట. అక్కడికి వెళ్తే విని ఆనందించండి, ఇంటర్వ్యూలో మాత్రం అనకండి.

ఇక మన దగ్గర అన్నిటికన్నా ఎక్కువగా వినపడేది, ‘ఐ కెన్ ఏబుల్ టు డు’. ఇది ఎంబీఏ చదివినవాళ్ళ నోట కూడా వస్తుంది. ‘కెన్’ అన్నా ‘ఏబుల్ టు’ అన్నా ‘చేయగలను’ అనే. రెండూ కలిపితే ‘చేయగలను గలను’ అన్నట్టు ఉంటుంది. ‘ఐ కెన్ డు’ అనండి, లేదా ‘ఐ యామ్ ఏబుల్ టు డు’ అనండి. ఏదో ఒకటి.

మోడల్స్ చివర ‘ఎస్’ అక్షరం ఎందుకు తగలదు అని ఎప్పుడైనా అనుకున్నారా? కెన్, మే, షల్ లాంటివి ఇప్పుడు వర్తమానంలా కనిపిస్తాయి గానీ, చాలా పాత ఇంగ్లిష్‌కన్నా ముందే అవి భూతకాలపు రూపాలు. భూతకాలంలో ‘హి వెంట్’ అంటాం గానీ ‘హి వెంట్స్’ అనం కదా. ఆ పాత అలవాటే ఇంకా మిగిలింది. ‘మస్ట్’ కూడా ఒకప్పటి భూతకాల రూపమే, అందుకే దానికి విడిగా భూతకాలం లేదు, ‘హ్యాడ్ టు’ను తెచ్చుకుంటాం. ‘కుడ్’ స్పెల్లింగ్‌లో పలకని ‘ఎల్’ ఉంది కదా. ‘షుడ్’కు ‘షల్’ నుంచి, ‘వుడ్’కు ‘విల్’ నుంచి ‘ఎల్’ వచ్చింది. ‘కెన్’లో ‘ఎల్’ ఎక్కడుంది? లేదు. ఆ రెండింటినీ చూసి రాసేవాళ్ళు ‘కుడ్’లో కూడా చేర్చేశారు, అది అలాగే నిలిచిపోయింది. సరే, చరిత్ర చాలు.

అంచనా వేసేటప్పుడు

మీ ఫ్రెండ్‌కు ఫోన్ చేశారు. ఎత్తలేదు. పొద్దున పదకొండు గంటలైంది, వాడు రోజూ ఆ టైమ్‌కు బండి మీద ఆఫీసుకు వెళ్తుంటాడని మీకు తెలుసు. అప్పుడు ఏమంటారు? ‘డ్రైవింగ్‌లో ఉండి ఉంటాడు.’ మీకు ఆధారం ఉంది, దాదాపు ఖాయం. అది ‘హి మస్ట్ బి డ్రైవింగ్’. ఇక్కడ ‘మస్ట్’లో ఆజ్ఞ లేదు, ఒత్తిడి లేదు, నమ్మకం ఉంది. ఆధారం ఏమీ లేకపోతే? ‘హి మే బి డ్రైవింగ్’, ‘హి మైట్ బి డ్రైవింగ్’. ‘మే’ కన్నా ‘మైట్’ నమ్మకం కాస్త తక్కువని పుస్తకాల్లో ఉంటుంది. మాట్లాడేటప్పుడు ఆ తేడా చాలామంది పాటించరు, మీరు దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు.

ఇప్పుడు ఎదురు ప్రశ్న. ‘వాడు నిద్రపోతూ ఉండే అవకాశమే లేదు’ అనాలంటే? ఎవరైనా చెప్పండి... ‘మస్ట్ నాట్ బి స్లీపింగ్’ అంటున్నారు. చాలామంది అదే అంటారు. కానీ మామూలుగా ఇంగ్లిష్‌వాళ్ళు అక్కడ వాడేది ‘హి కాంట్ బి స్లీపింగ్’. అంచనాల్లో ‘మస్ట్’కు ఎదురు నిలబడేది ‘కాంట్’. ఇది గుర్తు పెట్టుకోండి. ‘దట్ మస్ట్ బి ట్రూ’, ‘దట్ కాంట్ బి ట్రూ’. అది నిజమే అయ్యుండాలి, అది నిజం అయ్యే ఛాన్సే లేదు.

‘మే నాట్’తో జాగ్రత్త. ‘హి మే నాట్ కమ్’ అంటే రాకపోవచ్చు. అది అంచనా. ‘యు మే నాట్ ఎంటర్’ అంటే లోపలికి రాకూడదు. అది నిషేధం. అచ్చం ఒకేలా కనిపిస్తాయి. అందుకే నేను చెప్పిన మొదటి ప్రశ్న వేసుకోవాలి. వ్యవహారమా, అంచనానా?

జరిగిపోయినదాని మీద అంచనా వేయాలంటే మోడల్ తర్వాత ‘హ్యావ్’ పెట్టి క్రియ మూడో రూపం వాడాలి. ‘ఈపాటికి ఊరు చేరి ఉంటాడు’ అంటాం కదా, అది ‘హి మస్ట్ హ్యావ్ రీచ్డ్ బై నౌ’. మన పిల్లలు దీన్ని ‘హి మైట్ బి రీచ్డ్’ అంటారు, ‘మైట్ హ్యాడ్ రీచ్డ్’ అంటారు. రెండూ తప్పే. మోడల్ పక్కన ఎప్పుడూ ‘హ్యావ్’ మాత్రమే. మనిషి ఎవరైనా సరే ‘హ్యాజ్’ రాదు, ‘హ్యాడ్’ రాదు. మాట్లాడేటప్పుడు ‘మస్టవ్, మైటవ్, షుడవ్’ అని కలిసిపోతాయి. ఆ ‘అవ్’ను విని ‘షుడ్ ఆఫ్’ అని రాసేవాళ్ళు ఇంగ్లండ్‌లో కూడా ఉన్నారు. మీరు రాయకండి.

ఒత్తిడి ఉన్నప్పుడు

ఇప్పుడు రెండో వైపు, మనుషుల మధ్య వ్యవహారం. మస్ట్, హ్యావ్ టు, షుడ్. మన ‘ఆలి’ ఒక్కటే ఈ మూడింటికీ సరిపోతుంది, అందుకే ఇక్కడ మనవాళ్ళు తడబడతారు. సలహా అయితే ‘షుడ్’. వినకపోయినా కొంప మునగదు. ‘యు షుడ్ రీడ్ ద పేపర్ డైలీ.’ నేనే గట్టిగా చెప్తుంటే ‘మస్ట్’. ఎవరో పెట్టిన రూల్ అయితే, లేదా పరిస్థితి అలా నెట్టితే ‘హ్యావ్ టు’. ‘ఐ హ్యావ్ టు వేర్ యూనిఫామ్.’ నిజం చెప్పాలంటే చేయాలి అనే వైపు ‘మస్ట్’కు, ‘హ్యావ్ టు’కు తేడా సన్నగానే ఉంటుంది. అమెరికాలో మాట్లాడేటప్పుడు ఆజ్ఞ అర్థంలో ‘మస్ట్’ తక్కువే వినిపిస్తుంది, ‘హ్యావ్ టు’నే ఎక్కువ. ఒకటి బదులు ఇంకొకటి వాడినా ఎవరికీ నష్టం లేదు.

కానీ ‘నాట్’ చేరిందా, రెండూ తూర్పు పడమరలు. ఇక్కడ కాస్త ఆగి వినండి, నోట్‌బుక్స్ మూసేసి వినండి. ‘మస్ట్ నాట్’ అంటే కూడదు. ‘డోంట్ హ్యావ్ టు’ అంటే అక్కర్లేదు. ల్యాబ్‌లో ఫాస్టింగ్ షుగర్ టెస్ట్ ఉంది. పొద్దున్నే ఏమీ తినకుండా రావాలి. రిసెప్షన్‌లో కూర్చున్న అమ్మాయి, తెలుగు రాని పేషెంట్‌కు ఇంగ్లిష్‌లో చెప్తోంది: ‘యు డోంట్ హ్యావ్ టు ఈట్ బిఫోర్ ద టెస్ట్.’ ఆయనకు ఏమని అర్థమైంది? ‘తినక్కర్లేదు, తిన్నా పర్లేదు’ అని. ఆయన శుభ్రంగా నాలుగు ఇడ్లీలు తిని వస్తాడు. రిపోర్ట్‌లో షుగర్ ఎక్కువ చూపిస్తుంది. డాక్టర్ ఆ రిపోర్ట్ చూసి మందు డోస్ మారిస్తే? చెప్పాల్సింది ‘యు మస్ట్ నాట్ ఈట్’. అది ‘తినకూడదు’.

ఇదే మాట మీ అమ్మమ్మను తెలుగులో చెప్పమనండి. ‘తినకూడదు’ అనాల్సినచోట ‘తినక్కర్లేదు’ అంటుందా? చచ్చినా అనదు. ఈ తేడా మనకు పుట్టుకతోనే ఉంది. ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి మనం తెలుగును మర్చిపోయి పట్టికను గుర్తు చేసుకుంటున్నాం, అదే నా బాధ. మీ తెలుగును వదిలేయకండి. ‘కూడదు’ అనిపిస్తే మస్ట్ నాట్, ‘అక్కర్లేదు’ అనిపిస్తే డోంట్ హ్యావ్ టు, లేదా నీడ్ నాట్.

భూతకాలంలో కూడా ఇంతే. ‘హైదరాబాద్ వెళ్ళాల్సి వచ్చింది’ అంటే వెళ్ళాను, తప్పలేదు. ‘ఐ హ్యాడ్ టు గో టు హైదరాబాద్.’ ‘హైదరాబాద్ వెళ్ళాల్సింది’ అంటే? వెళ్ళలేదు, ఇప్పుడు బాధపడుతున్నాను. ‘ఐ షుడ్ హ్యావ్ గాన్ టు హైదరాబాద్.’ మధ్యలో చిన్న ‘వచ్చి’ ఉంటే వెళ్ళినట్టు, లేకపోతే వెళ్ళనట్టు. ఇంత సన్నని తేడాను రోజూ ఇంట్లో వాడేవాళ్ళకు ‘హ్యాడ్ టు’, ‘షుడ్ హ్యావ్’ కష్టమా? ‘ఆ మాట అనకుండా ఉండాల్సింది’ అంటే ‘ఐ షుడ్ నాట్ హ్యావ్ సెడ్ దట్’. అంతే.

‘కుడ్’ విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. ‘కెన్’కు భూతకాలం ‘కుడ్’ అని నేర్చుకున్నాం. సగమే నిజం. ‘చిన్నప్పుడు ఈత కొట్టగలిగేవాణ్ణి’ అంటే ‘ఐ కుడ్ స్విమ్’, సరే. అది అప్పట్లో ఎప్పుడూ ఉన్న సామర్థ్యం. కానీ ‘నిన్న ట్రాఫిక్ ఉన్నా ట్రైన్ అందుకోగలిగాను’ అనాలంటే ‘ఐ కుడ్ క్యాచ్ ద ట్రైన్’ అనరు. ఒక్కసారి జరిగి, సాధించిన పనికి ‘ఐ వాజ్ ఏబుల్ టు క్యాచ్’, లేదా ‘ఐ మేనేజ్డ్ టు క్యాచ్’. ఇంటర్వ్యూలో ‘ప్రాజెక్ట్ గురించి చెప్పండి’ అంటారు. మీరు ‘వి కుడ్ ఫినిష్ ఇట్ ఇన్ టూ మంత్స్’ అంటారు. వినేవాళ్ళకు ‘రెండు నెలల్లో పూర్తి చేయొచ్చేమో’ అన్నట్టు వినిపిస్తుంది. పూర్తి చేసిన పనిని మీరే పూర్తి కానట్టు చెప్పుకున్నారు. ‘వి ఫినిష్డ్ ఇట్ ఇన్ టూ మంత్స్’ అనండి, హాయిగా. సాధించలేకపోయిన పనికి మాత్రం ‘కుడ్ నాట్’ ఎప్పుడైనా వాడొచ్చు.

ఒక్క మాట ఎంత మార్చగలదు అని అనుమానం ఉంటే మన రాజ్యాంగం 74వ అధికరణం చదవండి. పాలిటీ చదువుతున్నవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు, గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నవాళ్ళు. రాష్ట్రపతికి సహాయ సలహాలు ఇవ్వడానికి మంత్రిమండలి ఉంటుందని మొదట రాశారు. ఆ సలహా ప్రకారమే నడవాలని అక్షరాల్లో లేదు. 1976లో 42వ సవరణ వచ్చింది. రాష్ట్రపతి ‘షల్ యాక్ట్ ఇన్ అకార్డెన్స్ విత్ సచ్ అడ్వైస్’ అని చేర్చారు. ‘షల్’ పడింది, కట్టుబాటు అక్షరాల్లోకి వచ్చింది. 1978లో 44వ సవరణ. మంత్రిమండలిని ఆ సలహా మళ్ళీ పరిశీలించమని రాష్ట్రపతి ‘మే రిక్వైర్’, అంటే కోరవచ్చు. కోరాలని లేదు, కోరకూడదని లేదు. పునఃపరిశీలన తర్వాత వచ్చిన సలహా ప్రకారం మాత్రం ‘షల్ యాక్ట్’. ఒక్క వాక్యంలో ఒక ‘మే’, ఒక ‘షల్’. దేశంలో అత్యున్నత పదవికి ఎక్కడ వెసులుబాటు ఉంది, ఎక్కడ లేదు అనేది ఆ రెండు చిన్న మాటలే చెప్తున్నాయి. చట్టాల్లో ‘షల్’ అంటే తప్పనిసరి, ‘మే’ అంటే విచక్షణ అని మామూలుగా అనుకుంటాం. సందర్భాన్ని బట్టి ‘మే’ను ‘షల్’గా, ‘షల్’ను ‘మే’గా చదివిన తీర్పులు కూడా ఉన్నాయి. లా చదవాలనుకునేవాళ్ళు అటు వెళ్ళండి, చాలా ఆసక్తిగా ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ వైపు వెళ్ళేవాళ్ళకు ఇంకోటి. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే పత్రాలను ఆర్‌ఎఫ్‌సీలు అంటారు. 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2119 అని ఒక చిన్న పత్రం వచ్చింది. అందులో ఉన్నది ఏమిటి? మస్ట్, షుడ్, మే లాంటి మాటలకు అర్థాలు. ప్రమాణంలో ‘మస్ట్’ అంటే చేసి తీరాలి. ‘షుడ్’ అంటే చేయాలి, కానీ సరైన కారణం ఉండి, పర్యవసానాలన్నీ ఆలోచించుకున్నాక మానొచ్చు. ‘మే’ అంటే మీ ఇష్టం. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి కూడా ముందు ఈ మాటల బలం తేల్చుకోవాల్సి వచ్చింది. మీరు కంపెనీలో చేరాక రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్ చేతికిస్తారు. అందులో ‘మస్ట్’ ఉన్నది వదిలేస్తే ప్రాజెక్ట్ వెనక్కి వస్తుంది.

మర్యాద ఎక్కడ దాక్కుంటుంది

మనకు ‘నువ్వు’ ఉంది, ‘మీరు’ ఉంది, చివర ‘అండి’ ఉంది. ‘కాస్త తలుపు తీయండి’ అంటే అది మర్యాదే. ఇంగ్లిష్‌కు ఒకప్పుడు మనలాగే ‘నువ్వు’కు ‘దౌ’ ఉండేది, అది మామూలు వాడుకలోంచి పోయింది. ఇప్పుడు అందరికీ ‘యు’ ఒక్కటే. మరి మర్యాద ఎక్కడికి పోయింది? చాలావరకు ఈ మోడల్స్‌లోకి వెళ్ళింది. మీరు మనసులో ‘తలుపు తీయండి సార్’ అనుకుని ‘ఓపెన్ ద డోర్, సర్’ అంటారు. మీ ఉద్దేశంలో గౌరవం నిండుగా ఉంది. అవతలి మనిషికి ఆజ్ఞలా వినిపిస్తుంది. ‘సర్’ తగిలించినంత మాత్రాన సరిపోదు. ‘కుడ్ యు ఓపెన్ ద డోర్, ప్లీజ్?’ అనాలి. ఈ ‘కుడ్’ భూతకాలం కాదు, అది మన ‘అండి’ చేసే పని చేస్తోంది. ఫ్రెండ్ అయితే ‘కెన్ యు’ చాలు.

అడగడానికి ‘కుడ్’, జవాబుకు ‘కెన్’. హెచ్ఆర్ అడుగుతారు, ‘కుడ్ యు రిలొకేట్ టు పుణె?’ అని. ‘ఎస్, ఐ కుడ్’ అంటే వెళ్తారో వెళ్ళరో తేలదు, ఏదో ఒక ‘కానీ’ మిగిలినట్టు ఉంటుంది. ‘ఎస్, ఐ కెన్’ అనండి. ‘వుడ్ యు మైండ్ వెయిటింగ్?’ అని అడిగితే ‘ఎస్’ అనకండి, ఏమ్మా! ‘ఆగడానికి మీకేమైనా ఇబ్బందా?’ అని అడుగుతున్నారు. ‘ఎస్’ అంటే అవును, ఇబ్బందే అని. ‘నాట్ ఎట్ ఆల్’ అనాలి.

‘వుడ్’ మర్యాదగా ఉంటుందని తెలిసినప్పటి నుంచి మనవాళ్ళు ‘విల్’ను పూర్తిగా మర్చిపోయారు. ఉద్యోగం వచ్చిన అభ్యర్థి రాసే మెయిల్ ఇలా ఉంటుంది: ‘థాంక్ యు ఫర్ ద ఆఫర్. ఐ వుడ్ జాయిన్ ఆన్ మండే. ఐ వుడ్ బ్రింగ్ ఆల్ మై సర్టిఫికెట్స్.’ గ్రామర్ చెకర్ దీని కింద గీత గీయకపోవచ్చు కూడా. బయటి దేశంలో కూర్చుని చదివే మేనేజర్‌కు మాత్రం ఒక సందేహం వస్తుంది. ‘వుడ్ జాయిన్’... చేరేవాడు, ఏం జరిగి ఉంటే? షరతు ఏమిటి? కింది లైన్లో ‘ఇఫ్’ కోసం వెతుకుతారు. మీరు చేరుతున్నారు, అది ఖాయం. అప్పుడు ‘ఐ విల్ జాయిన్ ఆన్ మండే’. ‘ఐ వుడ్ లైక్ టు థాంక్ యు’లో ‘వుడ్’ సరైనది, అది కోరికను మెత్తగా చెప్తోంది. ‘ద మీటింగ్ వుడ్ బి హెల్డ్ ఎట్ టెన్’ అని నోటీసు బోర్డు మీద పెట్టకండి. మీటింగ్ ఉందా లేదా? ఉంటే ‘విల్ బి హెల్డ్’.

మరి ‘వుడ్’ అసలు ఇల్లు ఎక్కడ? తెలుగులో చూపిస్తాను. ‘సెలవుల్లో రోజూ చెరువుకు వెళ్ళేవాళ్ళం.’ ఇది పాత అలవాటు, ‘వి వుడ్ గో టు ద లేక్’. ‘నాకు తెలిసి ఉంటే చెప్పేవాణ్ణి.’ ఇది జరగనిది, ‘ఇఫ్ ఐ హ్యాడ్ నోన్, ఐ వుడ్ హ్యావ్ టోల్డ్ యు’. చూశారా, మన ‘ఏవాణ్ణి, ఏవాళ్ళం’ రెండు చోట్లా పని చేస్తోంది. ఇంగ్లిష్ ‘వుడ్’ కూడా ఆ రెండు చోట్లా పని చేస్తోంది. సంబంధం లేని రెండు భాషలు ఒకే దారి పట్టాయి. నాకైతే ఇది ఎన్నిసార్లు చెప్పినా సంతోషంగానే ఉంటుంది. కాబట్టి నోట్లో ‘ఏవాణ్ణి’ వస్తే ‘వుడ్’, ‘తాను’ వస్తే ‘విల్’. ‘చేరేవాణ్ణి’ కాదు కదా, ‘చేరతాను’ కదా? ఐ విల్ జాయిన్. ఇంకోటి, ‘ఇఫ్’ ఉన్న ముక్కలో ‘వుడ్ హ్యావ్’ పెట్టకండి. ‘ఇఫ్ ఐ వుడ్ హ్యావ్ నోన్’ తప్పు. ‘తెలిసి ఉంటే’ అన్నచోట ‘ఏవాణ్ణి’ లేదుగా, అక్కడ ‘వుడ్’ కూడా ఉండదు.

పలకడం గురించి ఒక్క మాట, కాల్స్‌లో పనిచేయబోయేవాళ్ళ కోసం. ‘ఐ కెన్ కమ్’ అన్నప్పుడు ఇంగ్లిష్‌వాళ్ళు ‘కెన్’ను నొక్కరు, ‘ఐ కన్ కమ్’ అని జారవిడిచేస్తారు, బలమంతా ‘కమ్’ మీద ఉంటుంది. ‘కాంట్’ను మాత్రం నొక్కుతారు. అమెరికన్లు దాని చివర ‘ట్’ను తరచుగా మింగేస్తారు కూడా. అంటే వాళ్ళ చెవి ‘ట్’ కోసం వెతకడం లేదు, నొక్కారా లేదా అని వింటోంది. మనం ప్రతి మాటనూ సమానంగా పలుకుతాం. ‘ఐ క్యాన్ కమ్’ అని గట్టిగా అంటే అవతల ‘రాలేను’ అని వినిపించే ప్రమాదం ఉంది. అనుమానం వస్తే ‘ఎస్, ఐ కెన్’ అని మొదట ‘ఎస్’ చేర్చండి, లేదంటే ‘నో, ఐ కాంట్’. గొడవ ఉండదు.

ప్రశ్నలు ఉన్నాయా? చెప్పు బాబూ... ‘ఐ షల్, వి షల్ అనాలని స్కూల్లో చెప్పారు, నిజమేనా?’ అని అడుగుతున్నాడు. ‘ఐ’, ‘వి’ పక్కన షల్, మిగతావాటికి విల్ అనేది 1653లో జాన్ వాలిస్ అనే ఆయన రాసిన వ్యాకరణం నాటి నుంచి ఉన్న సూత్రం. ఇప్పుడు అన్నిటికీ ‘విల్’ వాడితే ఎవరూ తప్పు పట్టరు. ‘షల్’ రెండు చోట్ల బాగా బతికి ఉంది. ఒకటి ‘షల్ వి గో?’, వెళ్దామా అని అడగడానికి. ‘షల్ ఐ హెల్ప్ యు?’ కూడా అలాంటిదే. రెండోది చట్టాలు, ఒప్పందాలు. అక్కడ కూడా అమెరికా ప్రభుత్వపు సరళభాష మార్గదర్శకాలు ‘షల్’ బదులు ‘మస్ట్’ రాయమంటున్నాయి, ఎందుకంటే చదివేవాళ్ళకు ‘మస్ట్’ అయితే అనుమానం రాదు.

ఇంకొకరు, ఆ కిటికీ పక్కన అమ్మాయి. ‘హ్యాడ్ బెటర్ అంటే సలహానే కదా సార్, పెద్దవాళ్ళకు వాడొచ్చా?’ మంచి ప్రశ్న. వాడకమ్మా. ‘యు హ్యాడ్ బెటర్ సెండ్ ద ఫైల్ టుడే’ అంటే ‘ఇవాళ పంపితే మంచిది’ అని మనకు మెత్తగా అనిపిస్తుంది. వాళ్ళకు అందులో ‘లేదంటే చూసుకో’ అనేది కూడా వినిపిస్తుంది. అమ్మ కొడుకుతో అనొచ్చు, నువ్వు మేనేజర్‌తో అనకూడదు. ఆయనకు ‘కుడ్ యు సెండ్ ద ఫైల్ టుడే?’ అని రాయి. ‘బెటర్ యు సెండ్’ అని మనవాళ్ళు అంటారు చూడు, అది కూడా వద్దు.